చెయ్యి విదిలించని ఆదివారం

ఆదివారం సాయంత్రం 4:22కి ఎలాదియో కెసాదా దొడ్డి గేటు తీసుకుని బయటికి వచ్చాడు. ఎడమ చెయ్యి విదిలించలేదు.

ఇగేరా స్టేడియంలో ఎడమవైపు కంచెకి ఆనుకుని ఉన్న ఎనభై అడుగుల మట్టి పట్టీని దొడ్డి అంటారు. బేస్‌బాల్ ఆట మొదలయ్యే ముందు, బంతి విసిరే పిచ్చరు అక్కడ చెయ్యి వేడెక్కించుకుంటాడు. ఒక చివర అతను విసురుతాడు, రెండో చివర ఎలాదియో గొంతుకూర్చుని బంతి పట్టుకుంటాడు. ముప్పై అయిదు బంతులు. పద్దెనిమిది సీజన్లుగా ఇదే పని. ఆటలో అతను దిగడు, బోర్డు మీద అతని పేరు రాదు. పని అయ్యాక దొడ్డి గేటు నుంచి నేల మట్టానికి దిగువన జట్టు కూర్చునే అరుగు దాకా కంచె వెంబడి నలభై అడుగులు నడుస్తాడు. ఆ నలభై అడుగుల్లో గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని ఎడమ చెయ్యి రెండుసార్లు విదిలిస్తాడు. బంతిలో బలం ఎక్కువగా ఉన్న రోజు మూడుసార్లు. లేని రోజు విదిలించడు. నొప్పికి చేసే పని అది. చేస్తున్నట్టు చాలా ఏళ్లు అతనికే తెలియదు. కంచె అవతల నిలబడేవాళ్లకి తెలుసు.

వాళ్లు ముప్పైమంది ఉంటారు, ఆదివారాలు యాభై. నలభై అడుగులూ చూస్తారు. చూసి, రోడ్డు దాటి, ఆకుపచ్చ రంగేసిన పందెం కొట్టు కిటికీ దగ్గరికి వెళతారు. మొత్తం ఆట మీద కాయరు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో మొదటి అయిదింటి మీదే కాస్తారు. చక్కెర మిల్లులో చెరకు తూకం వేసి రిటైరైన ఫేయో పదకొండేళ్లుగా కంచె మూడో స్తంభం దగ్గర నిలబడతాడు. కొత్తవాళ్లకి అతనే చెబుతాడు: "మొదటి సగం పిచ్చరుది. రెండో సగం దేవుడిది. దేవుడి మీద పందెం కాయకూడదు, పాపం."

ఆ ఆదివారం పిచ్చరు విల్కిన్ బెర్రోవా. ఇరవై రెండేళ్లవాడు, గంటకి తొంభై ఏడు మైళ్ల వేగంతో విసురుతాడు. అతని బంతులు పట్టిన రోజు ఎలాదియో మూడుసార్లు విదిలిస్తాడని అందరికీ తెలుసు. ఎలాదియో నలభై అడుగులూ నడిచాడు. చెయ్యి పక్కన వేలాడుతూ ఉంది. అరుగు మెట్లు దిగిపోయాడు.

కంచె దగ్గరివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూశావా?" అన్నాడు ఫేయో.

"చూశాను. పిల్లాడి చేతిలో ఇవాళ ఏం లేదు," అన్నాడు పక్కనున్నవాడు.

"అయితే అవతలివాళ్ల మీదే," అని ఫేయో మొదట రోడ్డు దాటాడు. మిగతావాళ్లు వెనకాల నడిచారు.

విల్కిన్ అయిదు ఇన్నింగ్స్‌లో ఒక్క దెబ్బే కొట్టనిచ్చాడు. అవతలి జట్టుకి పరుగు రాలేదు. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక నేల చదును చేసేవాళ్లు ఇనుప వల లాక్కుంటూ మైదానంలోకి వచ్చారు. ఆ విరామంలో ఎప్పుడూ బాజా మోగుతుంది, జనం నిలబడి నడుం ఊపుతారు. బాజా మోగింది. ఎడమవైపు గ్యాలరీలో జనం నిలబడ్డారు గాని అరుగువైపు తిరిగి నిలబడ్డారు.

"ఎంతకి అమ్ముడుపోయావు, ఎలాదియో?"

"మనకి చూపించి వాళ్లకి అమ్మాడు!"

వేరుశనగ తొక్కలు అరుగు కప్పు మీద వాన చినుకుల్లా రాలాయి. ఎలాదియోకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒళ్లో ఉన్న ఎడమ చేతిని చూసుకున్నాడు. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది.

సోమవారం పొద్దున ఎలాదియో భార్య యొకాస్తా పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోంది," అంది.

"ఏం లేదు," అన్నాడు ఎలాదియో వంటింట్లోంచి.

ఆమె లోపలికి వచ్చింది. అతను పొయ్యి మీంచి దింపిన కాఫీ కూజాను ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూజా పిడి ఏడాది కిందటే విరిగింది. గుడ్డ చుట్టి పట్టుకోవాలి. గుడ్డ మేకుకి వేలాడుతోంది.

ఆమె కూజా లాక్కుని, అతని చేతిని కుళాయి కింద పెట్టింది. చూపుడువేలు తెల్లగా ఉంది. అరచేతిలో చర్మం పొంగింది.

"మండటం లేదా?"

"నీళ్లు పడుతున్నాయని కనిపిస్తోంది."

"కనిపించడం అడగలేదు."

ఆమె కుళాయి కట్టింది. చెయ్యి తుడిచింది. ఒక్కో వేలూ నొక్కి చూసింది. నొక్కినప్పుడల్లా అతని మొహం చూసింది.

"ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు. ముందు చూపుడువేలు చల్లబడేది. ఎండలో పెడితే తగ్గేది. ఇప్పుడు తగ్గట్లేదు."

"మరి ఆ బంతులు ఎట్లా పడుతున్నావయ్యా?"

"గ్లవ్ పెట్టాల్సిన చోటు కళ్లు చెబుతాయి. వచ్చి పడింది ఏమిటో చెవి చెబుతుంది." కుర్చీలో కూర్చున్నాడు. "బలం ఉన్న బంతి ఎండిన చెక్క విరిగినట్టు పడుతుంది. లేనిది తడిబట్ట రాతి మీద వేసినట్టు పడుతుంది. ఇన్నేళ్లూ చెయ్యి గోల చేస్తుంటే ఈ చప్పుడు వినలేదు నేను. నిన్న విల్కిన్‌వి ముప్పై అయిదూ చెక్కలే. ఒక్కటి కూడా తడి లేదు."

"మరి ఆ ముక్క వాళ్లకి చెప్పు."

"చెబితే రేపటి నుంచి అక్కడ ఇంకొకడు కూర్చుంటాడు."

ఆమె బల్ల మీద అరటికాయ ముద్ద పెట్టింది, పైన వేయించిన ఉల్లిపాయలు వేసింది. అతను కుడిచేత్తో తిన్నాడు.

"రాత్రి కల వచ్చింది," అన్నాడు. "నది ఒడ్డున కూర్చున్నాను. ఎడమ చెయ్యి నీళ్లలో వదిలాను. అది ఈదుకుంటూ పోయింది. నాకు బాధేం లేదు. ఎటు పోతుందో చూస్తున్నాను, అంతే."

గోడ అవతల నుంచి పక్కింటి పెద్దావిడ దోన్యా తాతీకా గొంతు వచ్చింది. "నదా, చెయ్యా? ముందు ఏది కనిపించింది? సరిగ్గా చెప్పు నాయనా, రెంటికీ లాటరీ నెంబర్లు వేరు."

"నది," అన్నాడు ఎలాదియో.

"నీళ్లు మురికిగా ఉన్నాయా?"

"లేవు."

"దేవుడు చల్లగా చూడనీ," అని ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

పది గంటలకి ఫేయో వచ్చాడు. గుమ్మంలోనే టోపీ తీశాడు. యొకాస్తా కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది. కాఫీ అయ్యేదాకా అతను వాన గురించి మాట్లాడాడు. ఎలాదియో ఎడమ చేతిని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"పదకొండేళ్లు నీ చెయ్యి చూశాను," అన్నాడు ఫేయో గ్లాసు కింద పెట్టి. "మా ఆవిడ మొహం అంతగా చూడలేదు. పోయిన డబ్బు గురించి రాలేదు నేను. డబ్బు పోతుంది, వస్తుంది. నాకు ఒక్కటే తెలియాలి. నిన్న అది నొప్పి లేకా, కావాలనా?"

"నేనెప్పుడూ నీకు ఏమీ చెప్పలేదు, దోన్ ఫేయో."

"చెప్పలేదు. అందుకేగా నమ్మాం."

ఎలాదియో మోకాళ్లు ఇంకా దగ్గరికి నొక్కుకున్నాడు. ఫేయో కాసేపు చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మిల్లులో నా తూకం మీద కూడా ఒకసారి మాట వచ్చింది," అన్నాడు. "నేను రాళ్లు తెచ్చి జనం ముందు పెట్టాను. తూచి చూసుకోమన్నాను." వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి జట్టు లాయరు మొంతాస్ పిలిచాడు. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బల్ల మీద ఒక కాగితం, దాని మీద ఎగిరిపోకుండా ఒక బంతి.

"కూర్చో ఎలాదియో. ఒకటే ప్రశ్న. ఆదివారం చెయ్యి ఎందుకు విదిలించలేదు?"

"విదిలించాలని రూలు ఉందా అయ్యా?"

"లేదు. పందేలవాళ్లతో మాట్లాడకూడదని ఉంది."

"మాట్లాడలేదు."

"నోటితో మాట్లాడావని నేననలేదు." మొంతాస్ బంతిని కాగితం మీద అటూ ఇటూ దొర్లించాడు. "పద్దెనిమిదేళ్లు విదిలించినవాడు ఒక రోజు మానేశాడు. ఆ రోజే ఊళ్లో సగం మంది ఒక పక్కకి ఒరిగారు. పందెం కొట్టువాడు నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాడు. లీగ్ నుంచి ఫోను వచ్చింది. నేను వాళ్లకి ఏం చెప్పాలి? చెయ్యి బద్ధకించిందని చెప్పనా?"

"నొప్పి పుట్టలేదు అయ్యా. అందుకే విదిలించలేదు."

"విల్కిన్ బంతికి నొప్పి పుట్టలేదా? గోడకైనా పుడుతుంది." కాగితం చూపించాడు. "నీకు జవాబు లేకపోతే గురువారం దీని మీద సంతకం చెయ్యి. జీవితకాలం నిషేధం. పేరు దేశంలో ప్రతి స్టేడియం గేటుకీ అతికిస్తారు. జవాబుంటే గురువారం పదింటికి తీసుకురా. అందాకా పని చేసుకో. కాని ఇవాళ గ్లవ్ తియ్యకుండా నడువు."

ఆ సాయంత్రం ఆట 7:15కి. ఎలాదియో 6:30కి దొడ్డిలోకి వెళ్లాడు. చెరకు తోటల మీంచి కాల్చిన ఆకు నుసి గాలిలో తేలుతూ వచ్చి మట్టి పట్టీ మీద వాలుతోంది. నల్ల నుసి, బరువు లేదు. గ్లవ్ మీద పడితే ఊదాడు. ఆ రోజు పిచ్చరు సెవెరీనో. ముప్పై ఆరేళ్లు. మొదటి బంతి వచ్చి పడింది. ఎలాదియో తల కొంచెం పక్కకి వంచాడు. రెండోది. పదోది. సెవెరీనో మోచేతిని నొక్కుకోలేదు, మొహం చిట్లించలేదు. చూసేవాళ్లకి బంతి బాగానే వస్తోంది. ఎలాదియోకి మాత్రం దూరంగా ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించింది. ముప్పై అయిదూ అట్లాగే పడ్డాయి.

పిచ్చర్ల కోచ్ లూగో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎలాదియో అతని దగ్గర ఆగాడు.

"ఇవాళ ఇతని చేతిలో లేదు, లూగో. రెండో ఇన్నింగ్స్ దాటడు."

లూగో కంచెవైపు చూశాడు, మళ్లీ ఇతనివైపు చూశాడు. "ఈ మాట నాకు చెబుతున్నావా, వాళ్లకి చెబుతున్నావా?"

"నీకే."

"నీ గ్లవ్‌లో ఎట్లా పడింది, గట్టిగానా మెత్తగానా?"

ఎలాదియో గ్లవ్‌లోకి చూశాడు. "మెత్తగా," అన్నాడు. అతనికి తెలియని మాట అదొక్కటే.

"నువ్వు ఇవాళ నాతో మాట్లాడకపోవడమే నీకు మంచిది అన్నా," అన్నాడు లూగో.

నలభై అడుగులూ గ్లవ్ తియ్యకుండా నడిచాడు. కంచె అవతల ఇరవైమంది ఉన్నారు. ఎవరూ అరవలేదు. ఎవరూ రోడ్డు దాటలేదు. మూడో స్తంభం దగ్గర ఫేయో గ్లవ్‌ని చూస్తున్నాడు, తలుపు వేసిన ఇంటిని చూసినట్టు. సెవెరీనో రెండో ఇన్నింగ్స్‌లో అయిదు పరుగులిచ్చి దిగిపోయాడు. లూగో అతని చేతిలోంచి బంతి తీసుకోవడానికి మైదానంలోకి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఎలాదియో ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. వెళ్లి తన చోట కూర్చున్నాడు.

బుధవారం ఆట లేదు. యొకాస్తా కందికాయలు ఒలుస్తోంది. ఎలాదియో ఎదురుగా కూర్చుని తానూ ఒలిచాడు. కుడిచేత్తో ఒలిచినవి గిన్నెలో పడ్డాయి. ఎడమ చేతివి కింద పడ్డాయి.

"చెయ్యి చూపించు వాళ్లకి," అంది.

"చూపిస్తే అయిపోతాను."

"చూపించకపోయినా అయిపోతావు. రెండు దారులూ ఈ ఇంటికే. ఒక దారిలో దొంగ వస్తాడు, ఒక దారిలో చెయ్యి పోయినవాడు వస్తాడు. నాకు ఎవరికి అన్నం పెట్టాలనుందో నీకు తెలుసు."

అతను కింద పడిన గింజలు ఏరాడు. "అక్కడ కూర్చున్నప్పుడు లోకమంతా ఎనభై అడుగులు, యొకాస్తా. ఒకడు విసురుతాడు, ఒకడు పడతాడు. ఇంకేం ఉండదు. చెయ్యి పోయాక ఇంకా బాగుంది. కల్లో బంతి పట్టుకుంటున్నట్టుంది. నొప్పి లేదు, చప్పుడు ఒక్కటే. ఇంకో రెండు సీజన్లు అట్లా కూర్చోగలను నేను."

"కూజా పట్టుకున్నట్టు పట్టుకునా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

గురువారం పదింటికి మొంతాస్ గదిలో నలుగురున్నారు: మొంతాస్, లూగో, జట్టు డాక్టరు ఎస్పినాల్, ఎలాదియో. ఎలాదియో గ్లవ్ బల్ల మీద పెట్టి, దాని పక్కన ఎడమ చెయ్యి వెల్లకిలా పెట్టాడు.

"జవాబు ఇదే అయ్యా," అన్నాడు.

డాక్టరు అరచేతిలో బొబ్బ చూశాడు. వేళ్లు ముట్టుకున్నాడు. జేబులోంచి సూది తీసి స్పిరిట్‌తో తుడిచాడు.

"అటు కిటికీ వైపు చూడు. గుచ్చినప్పుడు చెప్పు."

ఎలాదియో కిటికీలోంచి చూశాడు. కింద నేల తడిపేవాళ్లు రబ్బరు గొట్టం చుడుతున్నారు. ఒకడు ఇంకొకడి కాళ్ల మీద నీళ్లు కొట్టాడు. వాడు గెంతాడు. దూరంగా మిల్లు పొగగొట్టం. పొగ నిటారుగా లేచి ఒకచోట వంగింది.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుగారూ?" అన్నాడు.

తల తిప్పాడు. చూపుడువేలి మీద నాలుగు, నడివేలి మీద రెండు రక్తపు చుక్కలున్నాయి. ఒక చుక్క మొంతాస్ కాగితం మీద పడింది. మొంతాస్ ఆ కాగితాన్ని రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు, బల్ల సొరుగులో పెట్టాడు.

"ఎన్ని వారాలు?" అన్నాడు డాక్టరు.

"నాలుగో వారం."

"ఇంకో నెల ఇట్లాగే బంతులు పడితే ఈ వేలు తీసెయ్యాల్సి వచ్చేది. రక్తం వెళ్లట్లేదు. సోమవారం రాజధానికి వెళ్లు, నేను చీటీ రాస్తాను."

లూగో గొంతు సవరించుకున్నాడు. "మంగళవారం సెవెరీనో గురించి చెప్పావు. చెయ్యి లేకుండా ఎట్లా చెప్పావు?"

"విన్నాను."

లూగో తల ఊపాడు. కొంచెంసేపు ఊపుతూనే ఉన్నాడు.

మొంతాస్ లేచి నిలబడ్డాడు. "నీ మీద ఏమీ లేదని లీగ్‌కి రాస్తాను. గేటుకి కూడా అతికిస్తాను, జనం చదువుకుంటారు. కాని నిన్ను దొడ్డిలోకి పంపలేను ఎలాదియో. అది నీకు నేను చెప్పక్కర్లేదు."

"అక్కర్లేదు," అన్నాడు ఎలాదియో. గ్లవ్ తీసుకున్నాడు. అది అతనిదే.

కాగితం శుక్రవారం పొద్దున గేటుకి అతికించారు. ఏడు వాక్యాలు. మూడో వాక్యంలో చెయ్యి గురించి ఉంది. దోన్యా తాతీకా చదివించుకుని వచ్చి గోడ మీంచి అంది, "అయితే నది కాదన్నమాట నాయనా, చెయ్యే. తప్పు నెంబరు ఆడాను."

ఆదివారం మళ్లీ విల్కిన్ వంతు. ఎలాదియో నాలుగింటికి ఇంట్లోంచి బయలుదేరాడు. పద్దెనిమిది సీజన్లలో మొదటిసారి కంచె బయటి వైపు నుంచి స్టేడియం చూశాడు. జనం జరిగి దారిచ్చారు. ఎవరో భుజం తట్టారు. ఎవరో వేరుశనగల పొట్లం చేతిలో పెట్టారు, ఎడమ చెయ్యి అని గుర్తొచ్చి మళ్లీ తీసి కుడిచేతిలో పెట్టారు. మూడో స్తంభం దగ్గర ఫేయో ఒక అడుగు పక్కకి జరిగాడు.

"ఇక్కడ నిలబడు. ఇక్కడ ఎండ పడదు," అన్నాడు.

"ఇది నీ చోటు దోన్ ఫేయో."

"పదకొండేళ్లు నిలబడ్డాను. కాళ్లు నొప్పులు." టోపీ సర్దుకుని, "రాళ్లు తెచ్చి ముందు పెట్టావట," అన్నాడు.

"పెట్టాను."

దొడ్డిలో కొత్త క్యాచరు గొంతుకూర్చున్నాడు. విల్కిన్ మొదటి బంతి విసిరాడు. ఎలాదియో నుదురు కంచె తీగలకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పక్కవాళ్లు వేరుశనగలు నమలడం ఆపారు. రోడ్డు మీద మోటారు సైకిలొకటి వెళ్లింది. గాలికి చెరకు నుసి వచ్చి అతని టోపీ మీద, భుజాల మీద వాలింది. అతను కదల్లేదు. ముప్పై అయిదు బంతులు పడ్డాయి.

4:24కి కొత్త క్యాచరు గేటు తీసుకుని బయటికి వచ్చాడు. అతనికి కంచె సంగతి ఎవరో చెప్పి ఉంటారు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, నేల చూస్తూ నలభై అడుగులూ నడిచి అరుగులోకి దిగిపోయాడు.

అతన్ని ఎవరూ చూడలేదు. యాభైమందీ మూడో స్తంభంవైపు తిరిగి ఉన్నారు.

"అడగను," అన్నాడు ఫేయో. "పదకొండేళ్లు అడగలేదు, ఇప్పుడూ అడగను. కాని నువ్విప్పుడు జట్టువాళ్ల మనిషివి కాదు. అది గుర్తుంచుకో, అంతే."

ఎలాదియో కళ్లు తెరిచాడు. నుదుటి మీద తీగల గళ్లు పడ్డాయి. పొట్లం ఫేయోకి ఇచ్చాడు. ఎడమ చేతిని ఎత్తి, తిప్పి చూసుకున్నాడు.

4:26కి ఆ చేతిని మూడుసార్లు విదిలించాడు.

రోడ్డు అవతల పందెం కొట్టు వరుస 4:40కి మలుపు దాకా వచ్చింది. ఎలాదియో ఆ వరుసలో నిలబడలేదు. మొదటి బంతి 5:03కి పడింది. అయిదో ఇన్నింగ్స్ 6:31కి ముగిసింది. అవతలి జట్టు పరుగులు సున్నా.